ఇన్‌స్పెక్టరమ్మను దింపి వచ్చాను

మే 6

మందుల కంపెనీవాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. నాలుగు నెలలుగా కట్ల గదిలో కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాను. ఈ రోజు దులిపి తెచ్చుకున్నాను. ఎవరితోనూ చెప్పుకోలేనిది ఒకటి వచ్చిపడింది. అక్కతో చెబితే ముందు ఏడుస్తుంది, తర్వాత నన్ను తిడుతుంది.

మధ్యాహ్నం దత్తత ఆఫీసరమ్మ ఆస్పత్రికి వచ్చింది. నేను ఒక పెద్దాయన మోచేతికి పిండికట్టు వేస్తున్నాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "ఆర్డరు వచ్చేసిందండీ. ఇన్‌స్పెక్టరమ్మ ప్రయాణం ఇరవై రెండున. తోడు మీరు వెళ్ళాలి," అంది.

"నేనా? నర్సమ్మలు ఎవరూ దొరకలేదా?"

"దొరుకుతారు. ఆ పిల్ల ఎవరి మాట వింటుందో మీరే చెప్పండి."

తడి పిండి చేతిలో గట్టిపడిపోతోంది. ఆలోచించుకోవడానికి టైమివ్వదు అది. సరే అన్నాను.

పెద్దాయన, "మంచి కబురేనా బాబూ?" అని అడిగాడు.

మంచి కబురే.

మే 7

పోయిన జూలైలో, నాలుగు రోజుల ముసురు తర్వాత, క్వారీ పక్కన కొండ జారి కూలీల ఇళ్ళ మీద పడింది. ఆ రోజుల గురించి రాయను. ఆ వారం మా గదిలో పిండి నిండుకుంది, పక్క జిల్లా నుంచి తెప్పించుకున్నాం. అంతవరకు రాస్తాను.

ఇన్‌స్పెక్టరమ్మను రెండో రోజు తెచ్చారు. నాలుగేళ్ళు నిండి కొన్ని నెలలు. రెండు తొడ ఎముకలూ విరిగాయి. అమ్మ, నాన్న, నాయనమ్మ, ముగ్గురూ పోయారు. ఆఫీసరమ్మ నాలుగు నెలలు వెతికింది. పేపర్లలో వేయించింది, రేడియోలో చెప్పించింది, ఆ నాన్న పుట్టిన పల్లెకు స్వయంగా వెళ్ళివచ్చింది. ఇల్లు లేదు, మనుషులు లేరు. ఇక్కడివాళ్ళే పెంచుకుంటామని రెండు జంటలు వచ్చాయి. ఎక్స్‌రేలు చూశారు. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాతే బయటి దేశం వాళ్ళు. ఆవిడ ఈత నేర్పే టీచరు, ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. జనవరిలో వచ్చి పదిహేను రోజులు వార్డులో కింద కూర్చున్నారు. ఎక్స్‌రేలు వాళ్ళూ చూశారు. చూసి, "ఈ పిల్లకు ఏ రంగు ఇష్టం?" అని అడిగారు. కాగితాలు పూర్తయ్యేలోగా పిల్లకు ఇంకో ఆపరేషన్ పడింది, వాళ్ళ సెలవులు అయిపోయాయి. అందుకే ఇప్పుడు తోడు వెళ్ళే మనిషి కావలసివచ్చింది.

ఇన్‌స్పెక్టరమ్మ అన్న పేరు నేను పెట్టిందే. చక్రాల కుర్చీలో వార్డంతా తిరిగి, ఒక్కొక్కరి కట్టు మీద వేలితో తట్టి, "ఎండలేదు," అని తీర్పు చెప్పేది. డాక్టరుగారు కూడా ఆగి, "ఎండిందా అమ్మా?" అని అడిగి మరీ వెళ్ళేవారు.

మే 9

అక్కకు చెప్పాను. ఏడ్చింది. తిట్టింది. అనుకున్న వరుసలోనే.

మే 12

ఒక సంగతి రాసి పెట్టాలి. నవంబరులో ఆఫీసరమ్మతో ఊరికే ఒక మాట అన్నాను. మా ఇంట్లో వీధి వైపు గది ఖాళీగా ఉంది, ఎండ బాగా వస్తుంది అని. ఆవిడ చాలా మర్యాదగా చెప్పింది. యాభయ్యారేళ్ళ బ్రహ్మచారికి ఆడపిల్లను ఇవ్వడానికి రూలు ఒప్పుకోదు. అక్కకా, అరవై మూడు.

ఊరికే అన్నానంతే.

మే 15

పిల్లల హోమ్ నుంచి ఇన్‌స్పెక్టరమ్మను చెకప్‌కు తెచ్చారు. ఇప్పుడు కట్లు లేవు. నడుస్తుంది, ఎడమ కాలు కాస్త వెనకపడుతుంది. విమానంలో గంటకోసారి కాళ్ళు చాపించాలి, తొడ కండరం ఎలా మర్దన చెయ్యాలి అని డాక్టరుగారు నాకే పాఠం చెప్పబోయి, తనకే నవ్వొచ్చి ఆగిపోయారు.

పిల్ల ఊరెళ్ళే హుషారులో ఉంది. "మావయ్యా, ఆ కొత్త అమ్మానాన్న ఎక్కడ పడుకుంటారు?"

"వాళ్ళింట్లో."

"అక్కడ కాదు, ఇక్కడికి వచ్చాక. తొమ్మిదో నంబరు మంచం ఖాళీయే. నాన్నకి పొట్టి అయిపోతుంది. కాళ్ళ దగ్గర స్టూలు వేద్దాం."

అప్పుడు అర్థమైంది. మేమిద్దరం వెళ్ళి వాళ్ళను తీసుకొస్తామనుకుంటోంది. సరిగ్గా అప్పుడే ఎవరో కట్టు విప్పించుకోవడానికి వచ్చారు. వెళ్ళాల్సివచ్చింది.

మే 16

ఎవరూ రాలేదు నిన్న. నేనే లేచి వెళ్ళిపోయాను.

మే 18

నవంబరులో ఒకసారి కాదు, మూడుసార్లు వెళ్ళాను ఆ ఆఫీసుకు. మూడోసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని, జీతం కాగితం, అక్క ఆరోగ్యం బాగుందని డాక్టరు రాసిన చీటీ పట్టుకుని వెళ్ళాను. ఆఫీసరమ్మ ఆ కాగితాలన్నీ చదివింది. చదవకుండా తిప్పి ఇవ్వవచ్చు. టీ తెప్పించింది. "మీరు అడిగారని ఫైల్లో రాసి పెడతాను. పెద్దయ్యాక ఆ అమ్మాయి చదువుకుంటుంది," అంది.

ఆ మాటకు ఆవిడకు రుణపడి ఉంటాను.

మే 22

విమానంలో రాస్తున్నాను. పక్కన నా మోకాలి మీద కాళ్ళు చాపుకుని నిద్రపోతోంది.

విమానాశ్రయం దగ్గర కారు దిగనంది. సీటు బెల్టు రెండు చేతులా పట్టుకుంది. ఆఫీసరమ్మ బతిమాలింది, డ్రైవరు బతిమాలాడు. చివరికి నా మొహంలోకి చూసి, "మళ్ళీ వచ్చేస్తాంగా మావయ్యా? అందరం?" అంది.

"ఆఁ," అన్నాను.

వెంటనే దిగింది. ఆఫీసరమ్మ వెనక సామాన్లు దింపిస్తోంది, వినలేదు.

ఆఁ అన్నాను, అంతే. అది మాట ఇవ్వడం కాదు. పిల్లల దగ్గర ఎన్నిసార్లు ఆఁ అనం?

మే 23

చేరాం. ఇద్దరూ విమానాశ్రయానికి వచ్చారు. లిఫ్టాయన ఏదో పాత పుస్తకం పెట్టుకుని మన భాష నేర్చుకున్నాడట. పిల్ల ముందు వంగి, ప్రతి అక్షరం నొక్కి, "స్వాగతము. మీ ప్రయాణము సుఖముగా జరిగినదా?" అన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ నోరు తెరుచుకుని చూసి, నా చెవిలో, "మావయ్యా, ఈయన పాఠం అప్పజెబుతున్నాడేంటి?" అంది.

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన ఏమీ అనుకోలేదు. నేను నవ్వినందుకు సంతోషించాడు కూడా.

మేడ మీద నాకో చిన్న గది ఇచ్చారు. వారం రోజులు. పిల్ల గది పక్కనే. మంచం ఎత్తు తగ్గించడానికి కాళ్ళు కోయించారు. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ, సరిగ్గా ఆ పిల్ల చెయ్యి అందే ఎత్తులో. జనవరిలో ఆయన టేపు పెట్టి కొలుస్తుంటే ఎందుకా అనుకున్నాను.

నేను కూడా ఇంతకంటే బాగా చెయ్యలేను. ఎండ వచ్చే గది ఒక్కటీ ఉంటే సరిపోదు.

మే 24

పొద్దున్న వంటింట్లోంచి వినిపించింది.

"మీరు క్షీరము త్రాగెదరా?"

"త్రాగెదను!"

తర్వాత కిలకిల నవ్వు. ఆయన కూడా నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా.

మే 25

ఈత టీచరు దగ్గరికి పిల్ల అంతగా వెళ్ళడం లేదు. ఆయనంటే ఆటబొమ్మ. ఆవిడంటే మొహమాటం. జుట్టు దువ్వబోతే, "మావయ్య దువ్వుతాడు," అంటుంది. ఆవిడకు మాట అర్థం కాకపోయినా సంగతి అర్థమవుతుంది. దువ్వెన నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకు జాలేసింది. దువ్వుతూ కూడా జాలిపడ్డాను. పూర్తిగా జాలే అని మాత్రం రాయలేను.

మే 26

ఆవిడ పనిచేసే ఈత కొలనుకు వెళ్ళాం. గోరువెచ్చని నీళ్ళు. కాళ్ళకు మంచిదని డాక్టరుగారూ చెప్పారు. పిల్ల గట్టు మీద నా చొక్కా పట్టుకుని నిలబడింది. నాకు ఈత రాదు. చెప్పులకు నీలం సంచులు తొడుక్కుని, కొంగలా నిలబడ్డాను.

ఆవిడ నీళ్ళలోకి దిగి, పిలవలేదు. చెయ్యి చాపలేదు. మెట్టు మీద కూర్చుని ఊరికే తన అరచేయి నీళ్ళ మీద ఆడిస్తూ ఉంది. పావుగంట. నేనైతే ఐదో నిమిషానికే బతిమాలడం మొదలెట్టేవాణ్ణి. పిల్ల ఒక మెట్టు దిగింది. ఇంకో మెట్టు. నా చొక్కా వదిలేసింది.

తర్వాత ఆవిడ మెడ పట్టుకుని నీళ్ళ మధ్యలో ఉంది. నడిస్తే వెనకపడే కాలు నీళ్ళలో వెనకపడలేదు. "మావయ్యా! చూడు! నేను తేలుతున్నా!"

చూశాను. నేను వెళ్ళలేని చోట ఉంది. లోపల ఏదో కలుక్కుమంది, దాచుకోను. ఎవరికీ చూపించని పుస్తకంలో కూడా దాచుకుంటే ఇంకెక్కడ చెబుతాను?

ఇంటికి వచ్చాక ఆవిడ ఫోనులో మాట్లాడి నా ముందు పెట్టింది. అది మన భాషలోకి మార్చి చదివింది. "నేను తప్పు చేస్తే మీరు వెంటనే చెప్పండి. నేను చాలా భయపడుతున్నాను." చూస్తే కళ్ళనిండా నీళ్ళు. మొదటిసారి కట్టు విప్పించుకునేవాళ్ళ మొహం అలాగే ఉంటుంది. వాళ్ళకు నేను కోసే మిషను ముందు నా అరచేతి మీద పెట్టి చూపిస్తాను, తెగదు చూడండి అని. ఆవిడకు ఏం చూపించను? పిల్ల తొడ కండరం ఎలా మర్దన చెయ్యాలో చూపించాను. బొటనవేలు ఎక్కడ పెట్టాలో, ఎంత నొక్కాలో. ఆవిడ వేళ్ళు నా వేళ్ళకంటే బలమైనవి. ఒక్కసారికే వచ్చేసింది.

మే 27

ఆఫీసరమ్మ ఫోన్ చేసింది. "ముప్ఫైన బయల్దేరుతున్నారు కదా. పిల్ల నిద్రలో ఉన్నప్పుడు జారుకోకండి. అమ్మానాన్నలు ఒకసారి అలాగే మాయమైపోయారు ఆ పిల్లకి. కళ్ళముందే చెప్పి వెళ్ళండి."

"అలాగేనమ్మా."

"వెళ్ళిపోతారని చెప్పారు కదా ఇంతకుముందే?"

"ఆఁ," అన్నాను.

ఈ అక్షరం నన్ను ముంచేస్తుంది.

మే 28

చెప్పలేదు. పొద్దున్న వాన. మధ్యాహ్నం ఎండగా ఉంది, ఆడుకుంటోంది. సాయంత్రం బాగా అలిసిపోయింది.

విమానం పొద్దున్న ఎనిమిదింటికి. ఇంట్లోంచి ఐదింటికే బయల్దేరాలి. ఆ వేళకు పిల్ల ఎలాగూ లేవదు. లేపడం దేనికి అని ఒక ఆలోచన.

మే 29

మొత్తం రాస్తాను.

పొద్దున్న నా పెట్టె వంటింటి దగ్గరికి దించాను, ఆరిన బట్టలు సర్దుకుందామని. కాసేపటికి ఇన్‌స్పెక్టరమ్మ తన పెట్టె ఈడ్చుకుంటూ వచ్చింది. తనే సర్దేసుకుంది. మూత తీసి చూపించింది. తన గౌను ఒకటి. కొత్త అమ్మ చెప్పు ఒకటి, ఒక్క కాలిదే. కొత్త నాన్న కొలత టేపు.

"అమ్మ రెండో చెప్పు తొడుక్కుని ఉంది. విప్పాక పెట్టేస్తా," అంది.

అక్కడే వంటింటి గుమ్మంలో కింద కూర్చున్నాను. ఈత టీచరు పొయ్యి దగ్గర ఉంది.

"బంగారూ, ఇటు రా. కూర్చో."

"టైమైపోతుంది మావయ్యా."

"వాళ్ళు అక్కడికి రారు. నువ్వూ రావు. ఇదే మీ ఇల్లు. నీ మంచం, నీ అమ్మ, నీ నాన్న. నేనొక్కణ్ణే వెళ్తున్నాను రేపు."

నవ్వింది మొదట. నేను నవ్వకపోయేసరికి ఆపేసింది.

"నువ్వు ఆఁ అన్నావు."

"అన్నాను."

"కారులో. అందరం వస్తామంటే ఆఁ అన్నావు."

"అన్నాను తల్లీ. అది అబద్ధం. చెప్పకూడదు, చెప్పాను. నువ్వు దిగవేమోనని భయమేసింది. తప్పు నాది."

మొహం ఎర్రబడింది. ఏడుస్తూ నా మీద పడుతుందనుకున్నాను. ఎత్తుకోవడానికి చేతులు కూడా చాపాను. నా చేతులను కొట్టింది. వెనక్కి తిరిగి, కుంటుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఈత టీచరు గౌను పట్టుకుని గుంజింది. మొదలుపెట్టింది ఇక, నా మీద ఫిర్యాదు.

"అమ్మా, మావయ్య అబద్ధం చెప్పాడు! కారులో చెప్పాడు! నేను స్టూలు కూడా అనుకున్నా నాన్న కాళ్ళకి! మావయ్య మంచివాడు కాదు! వాడి పెట్టె పారెయ్యి!"

ఆవిడ పొయ్యి ఆపేసింది. పిల్ల ఎత్తుకు కిందికి కూర్చుంది. ఫోను పక్కనే ఉంది, దాని వైపు చూడనైనా లేదు. పిల్ల కళ్ళలోకి చూస్తూ ప్రతి మాటకూ తల ఊపుతూ వింది. మన భాషలో ఆవిడకు వచ్చినవి నలభై మాటలుంటాయేమో. ఒక్కసారీ మధ్యలో ఆపలేదు. పిల్ల చెప్పి చెప్పి, ఊపిరి అందక ఎక్కిళ్ళు పెట్టేదాకా వింది.

తర్వాత లేచి నిలబడింది. పిల్లను చంకనెత్తుకుంది. నా వైపు తిరిగి, వేలు చూపిస్తూ తిట్టడం మొదలెట్టింది. వాళ్ళ భాషలో, గొంతు పెంచి, కనుబొమలు ముడిచి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. యాభయ్యారేళ్ళ బతుకులో అంత హాయిగా తిట్లు తిన్న గుర్తు లేదు. తల వంచుకుని కూర్చున్నాను.

ఆపేసేసరికి పిల్ల, "ఇంకా తిట్టు అమ్మా," అంది.

'అమ్మా' ఒక్కటే అర్థమైంది ఆవిడకు. పిల్లను ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. ఇంకా తిట్టింది.

లిఫ్టాయన పరిగెత్తుకొచ్చి, "ఏమి సంభవించినది?" అన్నాడు. ఎవరూ జవాబివ్వలేదు ఆయనకు, పాపం.

రోజంతా నాతో మాట్లాడలేదు ఇన్‌స్పెక్టరమ్మ. ఆవిడ ఒళ్ళోనే తింది. జుట్టు ఆవిడే దువ్వింది. నా పక్కనుంచి వెళ్ళాల్సివస్తే బల్ల చుట్టూ తిరిగి వెళ్ళింది.

సాయంత్రం ఆవిడకు ఫోనులో చెప్పాను, రేపు ఐదింటికి పిల్లను లేపండి అని.

మే 30

విమానాశ్రయంలో.

లేపారు. ఆవిడ చంకన, దుప్పటి చుట్టుకుని గేటు దాకా వచ్చింది. మొహం ఆవిడ భుజంలో దాచుకుంది. కారు వచ్చేసింది. లిఫ్టాయన నా పెట్టె ఎక్కించి, నా రెండు చేతులూ పట్టుకుని, "మేము మీకు..." అని మొదలుపెట్టి, పుస్తకంలో ఆ పై మాట లేకనో ఏమో, ఊరుకున్నాడు.

"వెళ్తున్నాను బంగారూ," అన్నాను. "నిన్ను చూడ్డానికి ఫోన్ చేస్తాను. అది నిజం. ఇక్కడికి మళ్ళీ వస్తానో లేదో తెలీదు. అదీ నిజం."

భుజంలోంచే, "మన వార్డులో కట్లు ఎవరేస్తారు?" అంది.

"నేనే."

"ఇంకెవరూ లేరా?"

"లేరు."

ఒక కన్ను బయటికి తీసి చూసింది నన్ను. "అయితే వెళ్ళు. వాళ్ళు కూర్చుని ఉంటారు."

కారు మలుపు తిరిగేదాకా ముగ్గురూ గేటు దగ్గరే ఉన్నారు.

జూన్ 2

డ్యూటీలో చేరాను. నిజంగానే కూర్చుని ఉన్నారు, బల్ల నిండా. సాయంత్రం దాకా తల ఎత్తలేదు.

ఆఫీసరమ్మ వచ్చింది. కారులో అన్న ఆఁ గురించి, ఫోనులో అన్న ఆఁ గురించి, పిల్ల నా మీద చేసిన ఫిర్యాదు గురించి కూడా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. నాకు అలవాటైపోయింది కూడా. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని, "చెప్పి వచ్చారు కదా," అంది. కాసేపటికి, "ఎవరి దగ్గరికి వెళ్ళి చెప్పిందన్నారు?" అని మళ్ళీ అడిగింది.

మళ్ళీ చెప్పాను. మొత్తం చెప్పించుకుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి నవ్వుకుంది.

జూన్ 3

అక్క వీధి గది కిటికీ తెరలు ఉతికింది. ఎందుకే అంటే, "మురికిపట్టాయి," అంది. ఇద్దరం కలిసి కట్టాం. ఎండ ఎప్పటిలాగే బాగా వచ్చింది. అక్కడే కూర్చుని టీ తాగాం.

నాకు ఏం మిగిలింది అని అడుగుతారు కొందరు. ఈ రోజు క్యాంటీను అతను అడిగాడు. పదినెలలు మిగిలాయి. అందరికీ దొరుకుతాయా?

ఆగస్టు 17

ఇన్ని రోజులూ రాయడానికి ఏమీ లేదు. బాగానే ఉన్నాను. కిటికీకి వేరే చెక్క పెట్టించాను.

ఆదివారం కదా, మధ్యాహ్నం ఫోన్ చేశాను. ఈత టీచరు ఎత్తి, నవ్వి, ఫోను పిల్లకిచ్చింది. బుగ్గలు వచ్చాయి ఇన్‌స్పెక్టరమ్మకు. ముందు పన్ను ఒకటి ఊడింది. మన మాటల్లో వాళ్ళ మాటలు కలిపేస్తోంది, సగం నాకు తెలియలేదు. స్కూల్లో ఎవరో తోటిపిల్ల సంగతి ఏదో చెబుతోంది. మధ్యలో బయటినుంచి ఎవరో పిలిచారు.

"మావయ్యా, ఆగు, ఇప్పుడే వస్తా," అని ఫోను బల్ల మీద వెల్లకిలా పెట్టేసి పోయింది.

ఇప్పుడే రాలేదు. తెర మీద వాళ్ళ వంటింటి పైకప్పు కనిపిస్తోంది, అంతే. గిన్నెల చప్పుడు. కుళాయి. లిఫ్టాయన ఏదో కూనిరాగం. తలుపు దడాలుమంది. ఇన్‌స్పెక్టరమ్మ ఎక్కడినుంచో గట్టిగా అమ్మను పిలిచింది, అమ్మ ఇంకెక్కడినుంచో పలికింది.

అక్క చాలాసేపు నా భుజం మీదుగా చూసి, "కట్ చెయ్యరా. అటువైపు ఎవరూ లేరుగా," అంది.

"ఉన్నారక్కా," అన్నాను. "అందరూ ఉన్నారు."

అక్క కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.